బంజరు అని రాసి ఉన్నంత మాత్రాన ఖాళీ భూమి కాదు

సంపాదకులకు,

నమస్కారం. రాయలసీమలో సోలార్ పార్కులకు కొత్తగా భూములు చూస్తున్నారన్న వార్తలు మీ జిల్లా పేజీల్లో తరచూ వస్తున్నాయి. ఎన్ని ఎకరాలు, ఎన్ని మెగావాట్లు, ఎన్ని వేల కోట్లు అన్నంత వరకు చెప్పి అవి ఆగిపోతున్నాయి. ఆ ఎకరాల్లో ఇప్పుడు ఎవరు బతుకుతున్నారు, వాన పడితే నీళ్లు ఎటు పారుతున్నాయి, లీజు కాగితంలో ఏం రాస్తున్నారు, గడువు తీరాక ఆ భూమి ఏ స్థితిలో చేతికొస్తుంది అన్నవి చర్చకే రావడం లేదు. భూమి సర్వే, చెరువుల పనులు, సోలార్ ప్లాంట్ల నిర్మాణం దగ్గర నుంచి తెలిసినవాళ్లం కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం. నిడివి ఎక్కువైనా ప్రచురించమని మనవి.

సోలార్ వద్దనడం మా ఉద్దేశం కాదు. బొగ్గు మీద ఆధారపడటం తగ్గాలంటే పెద్ద ప్లాంట్లు కావాలి, సీమలో ఉన్నంత ఎండ రాష్ట్రంలో మరెక్కడా లేదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది. దానికి పట్టిన భూమి సుమారు 5,900 ఎకరాలు. నంబులపూలకుంట దగ్గర 1500 మెగావాట్ల కోసం తీసుకున్నది 7,900 ఎకరాల పైమాటే. తాడిపత్రి పక్కన తలారిచెరువు, కడప జిల్లా మైలవరం ఆ తర్వాత వచ్చాయి. మెగావాటుకు ఐదారు ఎకరాలు పోయిన రోజులవి. ఇప్పుడు ఒక్కో ప్యానెల్ 550 వాట్లు, ఆ పైన కూడా ఇస్తోంది కాబట్టి నాలుగైదు ఎకరాల్లో సర్దుకోవచ్చు. అయినా రాబోయే ప్లాంట్లకు కావలసింది వందల ఎకరాలు కాదు, లక్షల ఎకరాలు.

మేం చెప్పదలచింది ఒక్కటే. భూమిని కాపాడే షరతులన్నీ టెండరు పిలవకముందే తేలిపోవాలి. యూనిట్ ధర ఖరారై ఒప్పందాల మీద సంతకాలయ్యాక ఏ షరతు పెట్టినా, ‘మేం కోట్ చేసిన ధరలో ఇది లేదు’ అని కంపెనీ అంటుంది. ఆ మాటలో న్యాయమూ ఉంటుంది. వంకను పూడ్చకుండా వదలమన్నా, దిమ్మెలు పీకి భూమి అప్పగించమన్నా, గొర్రెలకు దారి విడవమన్నా అన్నింటికీ ఖర్చుంది. ఆ ఖర్చు మొదటే ధరలో కలిస్తే యూనిట్‌కు పడేది పైసల్లోనే. తర్వాత కలపాలంటే కోర్టు మెట్లెక్కాలి.

మొదట రికార్డు సంగతి. పాత భూముల రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్‌లోనో, ఏటా సాగు వివరాలు రాసే అడంగల్‌లోనో ఒక సర్వే నంబరు ఎదురుగా గయాళు, బంజరు, అనాధీనం అని కనిపిస్తే అధికారుల లెక్కలో అది ఖాళీ భూమి. కాగితం మీద 2,000 ఎకరాలు ‘ఏ ఆక్షేపణా లేని ప్రభుత్వ భూమి’గా తేలితే పార్కుకు అంతకంటే అనువైన స్థలం లేదనిపిస్తుంది. నేల మీదికి వెళ్లి చూస్తే కథ వేరు. అందులో కొంత శివాయి జమా సాగు ఉంటుంది. పట్టా రాకపోయినా రెండు తరాలుగా కందో, ఆముదమో, కొర్రో వేసుకుంటున్నవాళ్లుంటారు. కొన్నిచోట్ల డీకేటీ పట్టాలు (భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చే అసైన్డ్ పట్టాలు) ఇచ్చినా ఆన్‌లైన్‌లోకి ఎక్కించి ఉండరు. రికార్డులో యజమాని పేరు ఉండాల్సిన చోట చుక్కలే ఉన్న ‘చుక్కల భూముల’ చిక్కు ఇంకా విడనివి ఉంటాయి. మిగిలినదంతా మేత భూమి. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణ మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. మన దగ్గర దాదాపు కోటి 76 లక్షల గొర్రెలున్నాయి. వాటిలో ఎక్కువ భాగానికి కొట్టంలో పెట్టే దాణా లేదు, ఈ బంజర్లలో మొలిచే గడ్డి, చెట్ల కాయలు, కోత అయిన చేలల్లో మిగిలే మోళ్లే తిండి. గొల్ల, కురుబ కుటుంబాలకు ఆ గడ్డి మీద పట్టా లేదు, హక్కు పత్రం లేదు. పరిహారం లెక్క కట్టేటప్పుడు వాళ్ల పేరు ఏ కాలమ్‌లోకీ రాదు.

కంచె పడితే జరిగేదేమిటో చూడండి. 5,000 ఎకరాలంటే సుమారు 20 చదరపు కిలోమీటర్లు. చదరంగా అనుకున్నా ఒక్కో పక్క నాలుగున్నర కిలోమీటర్లు. ఊరికీ కుంటకీ మధ్య ఈ కంచె అడ్డం పడితే మంద చుట్టూ తిరిగి రావాలి. మేస్తూ, నీళ్లు తాగుతూ రోజుకు ఎనిమిది, పది కిలోమీటర్లు నడిచే మందకు ఇంకో ఐదారు కిలోమీటర్ల ఉత్త నడక కలిస్తే ఈనిన గొర్రెలు, పిల్లలు తట్టుకోలేవు. కాపరి చేసేది సగం మందను అమ్ముకోవడమే. పార్కు మధ్యలోంచి 30 మీటర్ల వెడల్పున మందబాట ఒకటి వదిలి, రెండు పక్కలా కంచె వేస్తే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. నాలుగున్నర కిలోమీటర్ల బాటకు పోయేది 33 ఎకరాలు. 5,000 ఎకరాల్లో ఒక శాతం కూడా కాదు. కానీ లేఅవుట్ గీసే రోజున అడిగితేనే అది సాధ్యం, ప్యానెళ్లు బిగించాక అడిగి లాభం లేదు.

అందుకే స్థల పరిశీలన కార్యాలయంలో ఉపగ్రహ చిత్రం ముందు కూర్చుని ముగించేది కాదు. గ్రామ సర్వేయరు, వీఆర్వో, పశువైద్య శాఖ సహాయకుడు, చెరువు ఆయకట్టు రైతులిద్దరు, మందలున్నవాళ్లిద్దరు కలిసి ఎఫ్‌ఎంబీ పటాలు (సర్వే నంబరు వారీగా హద్దులు, కొలతలు ఉండేవి) చేత పట్టుకుని నేల మీద నడవాలి. ఒకసారి వానలయ్యాక, ఒకసారి ఎండాకాలంలో. వానల తర్వాత వెళ్తే నీళ్ల జాడలు కనిపిస్తాయి, ఎండాకాలంలో వెళ్తే ఆఖరికి గడ్డీ నీళ్లూ ఎక్కడ మిగులుతాయో తెలుస్తుంది. పటం మీద నాలుగు రకాల గీతలు పడాలి: వంకలు, వాగులు; పశువుల బాటలు, బండ్ల రస్తాలు; పట్టా ఉన్నా లేకపోయినా సాగులో ఉన్న మళ్లు; గుళ్లు, శ్మశానాలు, ఊరుమ్మడి చెట్లు. ఆ పటాన్ని గ్రామసభలో గోడకు అతికించి, నెల రోజులు ఉంచి, అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇదంతా చేయడానికి ఒక గ్రామానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. పాతికేళ్ల పైబడి నడిచే ప్లాంటుకు ఇది పెద్ద ఆలస్యం కాదు.

ఇదంతా చట్టమే చేయిస్తుంది కదా అనుకునేవాళ్లకు ఒక మాట. సోలార్ ఫొటోవోల్టాయిక్ ప్లాంట్లకు 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి అవసరం లేదు. అంటే ప్రజాభిప్రాయ సేకరణ సభ కూడా ఉండదు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా ఉంది, కౌలు రైతులనూ కూలీలనూ ప్రభావిత కుటుంబాలుగా గుర్తించే నిబంధన ఉంది. కానీ ఆ చట్టం కింద సేకరిస్తేనే అవి వర్తిస్తాయి. ప్రభుత్వ భూమిని ఒక శాఖ నుంచి ఇంకో సంస్థకు బదలాయిస్తే, పట్టా భూమిని కంపెనీ నేరుగా లీజుకు తీసుకుంటే ఆ అంచనా ఊసే ఉండదు. పెద్ద పార్కుల్లో భూమి ఎక్కువగా సమకూరేది ఈ రెండు దారుల్లోనే. డీకేటీ భూముల వరకు కొంత రక్షణ ఉంది. ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది. ఊరుమ్మడి భూములను ఇష్టారాజ్యంగా ధారాదత్తం చేయకూడదని సుప్రీంకోర్టు 2011లో గట్టిగానే చెప్పింది. ఈ రెండు తీర్పుల సంగతి తెలియక తక్కువకు ఒప్పుకుంటున్నవాళ్లు ఎక్కువ.

ఇక నీటి విషయం. మాకు అన్నింటికంటే ఆందోళన కలిగించేది ఇదే. సీమ చెరువులు ఒకదానితో ఒకటి గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు మరవ (అలుగు) పారితే ఆ నీళ్లు కింది కుంటకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు చేరతాయి. ఆ గొలుసు మొదలయ్యేది ఈ బంజరు గుట్టల వాలుల్లోనే. పార్కు పని మొదలవగానే డోజర్లు దిగి నేలను చదును చేస్తాయి. నేల చదునుగా ఉంటే స్తంభాలన్నీ ఒకే పొడవున తెప్పించుకోవచ్చు, బిగింపు త్వరగా అవుతుంది, అంతే తప్ప ప్యానెల్‌కు చదును నేలే కావాలన్న నియమం లేదు. చిన్న వంకలు పూడిపోతాయి, మీదున్న గడ్డి, వేర్ల పొర లేచిపోతుంది. మిగిలేది గులకతో కూడిన ఎర్రనేల, దానికి వానను పట్టుకునే శక్తి తక్కువ.

దాని మీద ప్యానెళ్లు వస్తాయి. రెండు ప్యానెళ్లు ఒకదాని పైన ఒకటి నిలువుగా బిగించిన వరుసకు వాలు వెంబడి పొడవు సుమారు నాలుగున్నర మీటర్లు. వాటి మీద పడిన వానంతా కింది అంచు దగ్గర ఒకే గీత మీద కారుతుంది. 50 మిల్లీమీటర్ల వాన పడిందంటే ఆ అంచులో ప్రతి మీటరు పొడవుకూ 200 లీటర్లకు పైగా నీళ్లు జారిపడతాయి. ఇన్ని నీళ్లు పల్చగా నేలంతటా పడటం వేరు, జానెడు వెడల్పు మీదే ధారగా పడటం వేరు. మొదటి వానాకాలంలోనే వరుస వెంట వేలెడు లోతు చాళ్లు పడతాయి. రెండో ఏడాదికి అవి కలిసి గండ్లవుతాయి. కొట్టుకుపోయిన ఎర్రమట్టి కింది కుంటలో చేరుతుంది. కుంట నిండినట్టే కనిపిస్తుంది గానీ అందులో సగం ఒండ్రు, నెల తిరక్కుండా ఎండిపోతుంది. ఇంకోపక్క ప్లాంటు లోపల స్తంభాల మొదళ్ల దగ్గర మట్టి కోసుకుపోయి, పూడ్చిన కేబుళ్లు బయటపడి, కంపెనీకీ నష్టమే.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు, వాటర్‌షెడ్ పనుల్లో చేసినవే. ఆరేడు శాతం వరకు వాలున్న నేలను చదును చేయకుండా, వాలుకు తగ్గట్టు స్తంభాల పొడవు మార్చి బిగించవచ్చు. పటంలో ఉన్న ప్రతి వంకకూ రెండు పక్కలా కనీసం 15 మీటర్లు, వాగుకు 30 మీటర్లు వదిలేయాలి. ప్యానెళ్ల అంచు నుంచి నీళ్లు కారే గీత కింద స్టైలో హమాటా, అంజన్ గడ్డి విత్తనం చల్లి నేల కప్పు తెచ్చుకోవాలి. ఇది మొదటి వాన రాకముందే జరగాలి. ప్యానెళ్లు బిగించే పనంతా అయ్యాక చూద్దాంలే అంటే ఒక వానాకాలం మట్టి పోయినట్టే. వాలుకు అడ్డంగా ప్రతి 40, 50 మీటర్లకు ఒక రాతి కట్టు, ప్లాంటు సరిహద్దు దాటేచోట మట్టి నిలిచే గుంత, ఏటా మే నెలలో దానిలో పూడిక తీత. ఇవన్నీ టెండరు పత్రంలో కొలతలతో సహా ఉండాలి. ‘తగిన డ్రైనేజీ ఏర్పాట్లు చేయవలెను’ అని ఒక్క వాక్యం రాస్తే సరిహద్దులో ఒక కాంక్రీటు కాలువ తవ్వి నీళ్లన్నీ పక్క రైతు చేలోకి వదులుతారు. దాన్ని కూడా డ్రైనేజీ అనే అంటారు.

ప్యానెళ్లు కడగడానికి నీళ్ల లెక్క కూడా చెప్పుకోవాలి. ఎండ తగ్గినప్పుడు లోటు పడకుండా అదనంగా బిగించేవాటితో కలిపి ఒక మెగావాటుకు సుమారు 2,500 ప్యానెళ్లు. ఒక్కోటి కడగడానికి రెండు లీటర్లు, నెలకు రెండుసార్లు అనుకుంటే ఏడాదికి లక్షా 20 వేల లీటర్లు. 1000 మెగావాట్ల పార్కుకు 12 కోట్ల లీటర్లు. బోర్ల మీద బతికే మండలంలో ఇది చిన్న అంకె కాదు. పైగా సీమ బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. అలాగే కడిగితే గాజు మీద తెల్లటి పొర కట్టి ఉత్పత్తి పడిపోతుంది. అందుకని ఆర్‌వో పెడతారు, అది వదిలే ఉప్పునీళ్లు మళ్లీ ఏ వంకలోకో పోతాయి.

అసలు బోరే అక్కర్లేదు. 2,500 ప్యానెళ్ల గాజు విస్తీర్ణం సుమారు 6,400 చదరపు మీటర్లు. అనంతపురంలో సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లు. అంటే ఏడాదికి ఆ గాజు మీద పడే వానే 35 లక్షల లీటర్లు, కడగడానికి కావలసిన దానికి 29 రెట్లు! అందులో పదో వంతు పట్టుకున్నా సరిపోయి మిగులుతుంది. వాన నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి వడపోత చాలు, ఆర్‌వో ఖర్చు లేదు. ఇక్కడ ఆవిరి నష్టం ఎక్కువ కాబట్టి తెరిచి ఉన్న కుంటకంటే, షీటు పరిచి పైన కప్పిన తొట్టి మేలు. నీళ్లే వద్దనుకుంటే బ్రష్షుతో పొడిగా తుడిచే యంత్రాలు వచ్చాయి, వరుసలు తెగకుండా పొడుగ్గా ఉన్నచోట అవి బాగా పనిచేస్తాయి. పార్కు లోపల కొత్త బోరుకు అనుమతి లేదని టెండరులోనే రాస్తే ఈ రెండింటిలో ఏది చౌకో కంపెనీయే తేల్చుకుంటుంది.

లీజు సంగతికి వస్తే, అనంతపురం సరిహద్దునే ఉన్న పావగడను చూడాలి. పరిపాలన కర్ణాటకదే అయినా అక్కడి ఊళ్లలో తెలుగు బాగా వినిపిస్తుంది. 13,000 ఎకరాలను కొనకుండా రైతుల దగ్గర 28 ఏళ్లకు లీజుకు తీసుకుని 2,050 మెగావాట్ల పార్కు కట్టారు. భూమి పేరు రైతుదే ఉండటం, ఏటా ఖాయంగా డబ్బు రావడం మంచి విషయాలే. వరుస కరువులు చూసిన రైతులకు అది ఊరట. సెంటు భూమి లేని కూలీలకు, కాపరులకు మాత్రం ఆ లీజులో ఏమీ లేదు. చేలల్లో పని పోయింది, ప్లాంటు కట్టడం అయ్యాక మిగిలింది గడ్డి కోత, కాపలా, ప్యానెళ్లు తుడిచే పని మాత్రమే.

అక్కడ మొదటి రేటు ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వినడానికి బాగుంటుంది. 28 ఏళ్ల చివరికి అది చేరేది సుమారు 39,600కు. అదే 5 శాతం ఏటా పెరిగితే చివరి ఏడాది వచ్చేది 78,400. ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయనుకుంటే, రెండేళ్లకోసారి పెంపు తీసుకున్న రైతుకు చివర్లో చేతికొచ్చే డబ్బు విలువ మొదటి ఏడాది విలువలో సగమే. మన జిల్లాల్లో ఇప్పుడు 30 వేలు, 31 వేలు అన్న అంకెలు వినిపిస్తున్నాయి. మొదటి ఏడాది అంకె కోసం గట్టిగా బేరమాడి, పెంపు దగ్గర వదిలేసుకుంటున్నారు. 30 వేలను 32 వేలు చేయించుకోవడం కంటే, రెండేళ్ల పెంపును ఏటా పెంపుగా మార్పించుకోవడమే ఎన్నో రెట్లు లాభం.

కాగితంలో జాగ్రత్తగా చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. మొదట ఒక ‘అంగీకార పత్రం’ తెచ్చి ఎకరాకు కొద్దిపాటి అడ్వాన్సు ఇస్తారు. లీజు ఎప్పటి నుంచి మొదలో అందులో ఉండదు, ‘ప్రాజెక్టు అనుమతులు వచ్చిన నాటి నుంచి’ అని ఉంటుంది. ఆ అనుమతులు మూడేళ్లు రాకపోతే మూడేళ్లూ రైతు భూమిని ఇంకెవరికీ ఇవ్వలేడు, బోరు వేసుకోలేడు. కాబట్టి 12 నెలల్లో లీజు మొదలవకపోతే పత్రం దానంతటదే రద్దు కావాలి, అడ్వాన్సు రైతుదే కావాలి. రెండోది, దాంతోపాటే జీపీఏ (రైతు తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) మీద సంతకం అడుగుతారు. భూమి మార్పిడి దరఖాస్తు, సర్వే వంటి పనులకు మాత్రమే పరిమితమైన అధికారం ఇవ్వచ్చు. తాకట్టు పెట్టే అధికారం, సబ్‌లీజు ఇచ్చే అధికారం అందులో ఉంటే ఇవ్వకూడదు. కంపెనీ తన లీజు హక్కును బ్యాంకుకు పూచీగా పెట్టుకోవడం మామూలే, దానికి రైతు అభ్యంతరం అక్కర్లేదు. రైతు భూమి హక్కే పూచీ కిందికి పోకుండా స్పష్టమైన వాక్యం ఉండాలి. మూడోది, కంపెనీ ఆరు నెలల నోటీసుతో ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు, రైతు మాత్రం గడువు తీరేదాకా కదలకూడదు అన్న షరతు చాలా పత్రాల్లో ఉంటుంది. కంపెనీ మధ్యలో వెళ్లిపోతే కనీసం రెండేళ్ల లీజు చెల్లించి, సామాను తీసేసి వెళ్లాలని రాయించుకోవాలి. నాలుగోది, వ్యవసాయేతర భూమిగా మార్పిడి. గడువు తీరాక దాన్ని తిరిగి వ్యవసాయ భూమిగా రికార్డు చేయించే బాధ్యత, ఖర్చు కంపెనీవే అని లేకపోతే, రేపు పంట రుణానికి బ్యాంకుకు వెళ్లినప్పుడు రైతు ఇబ్బంది పడతాడు.

డీకేటీ భూమికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. 1977 నాటి 9వ నంబరు చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా అందులోకే వస్తుంది. ప్రభుత్వ అనుమతి లేకుండా మధ్యవర్తితో రాసుకున్న లీజు చెల్లదు సరికదా, నిబంధన ఉల్లంఘించారని భూమినే వెనక్కి తీసుకునే ప్రమాదముంది. ఇలాంటి భూములకు లీజు ప్రభుత్వ ఉత్తర్వు ద్వారానే నడవాలి, డబ్బు నేరుగా పట్టాదారు ఖాతాలో పడాలి.

గడువు తీరిన తర్వాత సంగతి ఎవరూ అడగడం లేదు. ప్యానెళ్ల బల్లలను నిలబెట్టే స్తంభాలు మెగావాటుకు 500 నుంచి 700 దాకా ఉంటాయి. ఒక్కో స్తంభం కింద అడుగు వ్యాసంతో, నాలుగైదు అడుగుల లోతు కాంక్రీటు దిమ్మె. అన్నీ కలిపితే 60 ఘనపు మీటర్లకు పైగా, అంటే దాదాపు 150 టన్నుల కాంక్రీటు. ఎకరాకు వందకు పైగా దిమ్మెలున్న నేలలో నాగలి సాగదు, ట్రాక్టరు గుంటక సాగదు. ఇనుముకు ధర ఉంది కాబట్టి స్తంభాలను నేల మట్టానికి కోసి తీసుకుపోతారు, దిమ్మెలు మాత్రం రైతుకు మిగులుతాయి. కాంక్రీటు లేకుండా యంత్రంతో నేరుగా నేలలోకి దిగగొట్టే స్తంభాలు ఉన్నాయి. గట్టి రాతి నేలలో అవి దిగవు గానీ మామూలు ఎర్రనేలలో దిగుతాయి, గడువు తీరాక అదే యంత్రంతో పీకేయొచ్చు. సాగు యోగ్యమైన పట్టా భూముల్లో వీటినే వాడాలని, తప్పనిసరై కాంక్రీటు వేస్తే మీటరు లోతు వరకు తొలగించాలని షరతు ఉండాలి. దానికి పూచీగా లీజు పదో ఏడాది నుంచి ప్రతి ఏడాదీ కొంత మొత్తం, కంపెనీ చేతిలో కాకుండా కలెక్టరు పేరున ఉన్న ఖాతాలో జమ కావాలి. కంపెనీలు చేతులు మారుతుంటాయి. మొదట సంతకం చేసిన సంస్థ పాతికేళ్ల తర్వాత ఉంటుందన్న నమ్మకం లేదు, ఖాతాలో డబ్బు మాత్రం ఉంటుంది. ప్యానెళ్ల విషయానికొస్తే 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లోకి వాటిని తెచ్చారు. మెగావాటుకు 70 టన్నుల గాజు, అల్యూమినియం, కొంచెం సీసం కలిసిన అతుకులు. గాలివానకు పగిలిన ప్యానెళ్లను ఇప్పటికీ కంచె పక్కన కుప్ప పోస్తున్నారంటే ఆ నిబంధనలను అడిగేవాళ్లు లేకే.

పార్కు లోపలి నేలను మళ్లీ మేతకు వాడుకోవచ్చు. ప్యానెల్ కింది అంచు నేల నుంచి మీటరు ఎత్తున ఉండి, వేలాడే తీగలను గొట్టాల్లోకి ఎక్కిస్తే గొర్రెలను నిశ్చింతగా వదలవచ్చు. మేకలు పనికిరావు, అవి బల్లల మీదికెక్కుతాయి, తీగలు కొరుకుతాయి. గడ్డి కోసే ఖర్చు కంపెనీకి తగ్గుతుంది, ఎండాకాలం నిప్పు అంటుకునే భయం తగ్గుతుంది. ఇప్పుడు చాలాచోట్ల కింది అంచు మోకాలెత్తున కూడా ఉండటం లేదు, గడ్డికి మందు కొడుతున్నారు. మందు కొట్టిన నేలలోకి గొర్రెలను తోలలేం. కలుపు మందు నిషేధం, మీటరు ఎత్తు, భూమి కోల్పోయిన ఊరి కాపరుల సంఘానికి మేత హక్కు, ఈ మూడూ కలిసే ఉండాలి. వరుసల మధ్య పంటలు కూడా వేయవచ్చంటారు. వరుసల మధ్య ట్రాక్టరు తిరిగేంత ఎడం వదిలితే వేరుశనగ, అలసంద వంటి పొట్టి పంటలు వస్తాయి. ప్యానెళ్లను మనిషి ఎత్తు దాటించి బిగించాలంటే ఇనుము ఖర్చు బాగా పెరుగుతుంది కాబట్టి అది చిన్న ప్లాంట్లకే కుదురుతుంది.

కొన్నిచోట్ల మాత్రం ఏ షరతుతోనూ పార్కు పెట్టకూడదు. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన, ఉమ్మడి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు విస్తీర్ణం 614 హెక్టార్లే. ఆ పక్షి అభయారణ్యం గీతల లోపలే తిరగదు, చుట్టూ ఉన్న గడ్డి మైదానాలన్నీ దానికి కావాలి. కళ్లు పక్కలకు ఉండే ఆ బరువైన పక్షికి ఎదురుగా ఉన్న హైటెన్షన్ తీగ దగ్గరికి వచ్చేదాకా కనిపించదు, కనిపించాక తప్పుకునే వీలుండదు. రాజస్థాన్, గుజరాత్‌లలో ఈ తీగల వల్లే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2021లో కోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. రోళ్లపాడు చుట్టూ ఇప్పుడు బట్టమేక పిట్ట కనిపించడమే గగనమైపోయినా, ఆ గడ్డి నేలల మీదే జింకలు, తోడేళ్లు, నేల నెమళ్లు ఆధారపడ్డాయి. ఆ గడ్డి నేలలు పోతే మళ్లీ తెచ్చుకోలేం.

చిన్న ప్లాంట్ల మీద ప్రభుత్వం ఇంకా శ్రద్ధ పెట్టాలి. రైతుల సోలార్ కోసం కేంద్రం తెచ్చిన పీఎం-కుసుమ్ పథకం ‘ఎ’ విభాగం కింద 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా రైతు సొంత భూమిలో, సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు పెట్టుకోవచ్చు. పది ఎకరాల బీడు ఉన్న రైతుల సంఘానికి ఇది లీజు కంటే మెరుగైన దారి, కరెంటు అమ్మిన డబ్బే వాళ్లది. రామగుండం జలాశయం మీద ఎన్టీపీసీ 100 మెగావాట్ల తేలియాడే ప్లాంటును 2022లో పూర్తి చేసింది. సింహాద్రి దగ్గర అంతకు ముందు ఏడాదే 25 మెగావాట్లు వచ్చింది. ఇళ్ల పైకప్పుల పథకం ఎలాగూ ఉంది. ఇవన్నీ కలిపినా పెద్ద పార్కుల అవసరం తీరదని మాకు తెలుసు. కానీ ఇలా వచ్చే ప్రతి మెగావాటూ నాలుగైదు ఎకరాల మేత భూమిని మిగులుస్తుంది.

స్థానిక వాటా గురించి కూడా ప్రభుత్వం ఆలోచించాలి. 2008 జల విద్యుత్ విధానంలో ప్రాజెక్టు ప్రాంత అభివృద్ధి కోసం ఒక శాతం విద్యుత్తును ప్రత్యేకంగా కేటాయించారు. సోలార్‌కు అలాంటిది లేదు, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఒక బస్ షెల్టరో, ఆర్‌వో ప్లాంటో ఇచ్చి సరిపెడుతున్నారు. 1000 మెగావాట్ల పార్కు ఏడాదికి సుమారు 200 కోట్ల యూనిట్లు ఇస్తుంది. యూనిట్ రెండున్నర రూపాయల లెక్కన 500 కోట్లు. ఒక శాతమంటే ఏటా 5 కోట్లు, యూనిట్‌కు పడేది రెండున్నర పైసలు. భూమి లేని కుటుంబాలకు, కాపరులకు నేరుగా చేరేలా ఈ మొత్తాన్ని గ్రామసభ నిర్ణయంతో ఖర్చు పెట్టే నియమం కావాలి.

ఈలోగా లీజు పత్రం ముందు పెట్టుకుని కూర్చున్న రైతులకు కొన్ని సూచనలు. తెలుగులో ప్రతి లేకుండా సంతకం పెట్టవద్దు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, నోటరీ ముద్ర వేయించి ఇదే చాలంటే నమ్మవద్దు. సంతకానికి ముందు 1-బి (భూమి హక్కుల రికార్డు), అడంగల్, ఎఫ్‌ఎంబీ నకళ్లు తీసి విస్తీర్ణం సరిచూసుకోండి. ఎఫ్‌ఎంబీకీ కంపెనీ సర్వేకీ పది సెంట్లు తేడా ఉన్నా పాతికేళ్లకు పైగా ఆ మేరకు లీజు పోతుంది. హద్దు రాళ్లను జీపీఎస్ గుర్తులతో ఫొటోలు తీసి పత్రానికి జత చేయించండి, చదును చేశాక ఏ రాయీ మిగలదు. రిజిస్ట్రేషన్ అయిన వారం తర్వాత సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (భూమి మీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం) తీయించి, మీ సర్వే నంబరు మీద లీజు తప్ప మరేదీ నమోదు కాలేదని చూసుకోండి. ఆ తర్వాత ఏటా ఏప్రిల్‌లో ఒకసారి ఈసీ తీస్తూ ఉండండి.

ఇట్లు,
భూమి సర్వే, చెరువులు, సోలార్ పనుల్లో ఉన్న కొందరు ఇంజినీర్లు,
అనంతపురం